కాగితమొకరిది, మాట యొకరిది

ఒకరు మరొకరికి ఉత్తరము వ్రాసి తపాలాపెట్టెలో వేసిరి. అది చేరవలసినవారికి చేరినది. ఇప్పుడా యుత్తరమెవరిది? వ్రాసినవారిదా, అందుకొన్నవారిదా? చూచుటకు పొడుపుకథవలె నున్న యీ ప్రశ్న 1741వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు న్యాయస్థానము నెదుటికి వచ్చినది. ఆనాడు చెప్పబడిన సమాధానము, నేడు మన బ్యాంకు ఖాతాలను గూర్చియు, టెలిఫోను సంభాషణలను గూర్చియు, వ్రేలిముద్రలను గూర్చియు జరుగుచున్న వివాదములకు బీజమై యున్నది. కాపీరైటు అనునది గ్రంథకర్తలకును ప్రకాశకులకును సంబంధించిన వ్యవహారమనియు, వ్యక్తిగత గోప్యత అనునది ప్రభుత్వమునకును పౌరునకును నడుమ నున్న తగవనియు మనము సామాన్యముగా తలంచుచుందుము. చరిత్ర తిరుగవేసి చూచినచో ఇవి రెండును ఒక తల్లి బిడ్డలు.

రేడియో కేంద్రమున పనిచేయు మాకు ఈ ప్రశ్న పుస్తకములలో మాత్రమే యుండునది కాదు. శ్రోతల యుత్తరములు దినదినము వచ్చుచుండును. పాట కోరువారు, పంటకు పట్టిన పురుగును గూర్చి అడుగువారు, మా యుచ్చారణలోని దోషములను దిద్దువారు - ఇట్టివారే యెక్కువ. కాని స్త్రీల కార్యక్రమమునకో, ఆరోగ్య ప్రసంగమునకో వచ్చు ఉత్తరములలో కన్నతల్లికిని చెప్పుకొనని మాటలు కొన్ని యుండును. ఆ కాగితము మా దస్త్రములోనిది. దానిపై మా కేంద్రపు ముద్రయు, చేరిన తేదీయు ఉండును. అంతమాత్రమున అందలి మాట మాదగునా? పేరును ఊరును తొలగించి చదువుట మా వృత్తిలో ఎల్లరెరిగిన మర్యాద. ఆ మర్యాద వెనుక నున్న న్యాయసూత్రమునకు రెండువందల యెనుబది సంవత్సరములకు మించిన వయస్సు గలదు.

అచ్చుయంత్రము రాకపూర్వము ఒక గ్రంథమునకు ప్రతి వ్రాయుట నడుము విరుగు పని. ప్రతి వ్రాసినవానికి పుణ్యమే గాని నేరము లేదు. మన తాళపత్రముల తుదిలో లేఖకులు తప్పులున్న మన్నింపుడని వేడుకొందురే గాని, గ్రంథకర్త యనుమతి గొంటిమని ఎక్కడను వ్రాయరు. అచ్చుయంత్రము వచ్చినంతనే ప్రతి తీయుట సులభమైనది, లాభకరమును అయినది. అప్పుడు గాని హక్కు అను మాట పుట్టలేదు. ఇంగ్లండున ఆన్ రాణి కాలమున 1710లో అమలునకు వచ్చిన శాసనము క్రొత్త పుస్తకమునకు 14 సంవత్సరములు, గ్రంథకర్త అప్పటికి జీవించియున్నచో మరి 14 సంవత్సరములు ముద్రణాధికారము నిచ్చినది. అంతకుముందే అచ్చయియున్న పుస్తకములకు 21 సంవత్సరములు. కాపీరైటు చట్టములన్నిటికి ఇదియే మొదటిదని చెప్పుదురు. కాని యా శాసనము పుస్తకములను గూర్చి చెప్పినది. అచ్చువేయవలెనను తలంపే లేక ఒక మిత్రునకు వ్రాసిన యుత్తరము పుస్తకమగునా?

ఈ ప్రశ్నను లేవదీసినవాడు ఎడ్మండు కర్ల్ అను లండను పుస్తకవర్తకుడు. చనిపోయినవారి వీలునామాలు, బ్రతికియున్నవారి యుత్తరములు, ఏది దొరికిన నది అచ్చువేసి అమ్ముటలో ఆయనకు సాటి లేదు. ఆయనకు అలెగ్జాండరు పోప్ మహాకవితో పాతపగ. 1716లో పోప్ ఆయనకు పానీయములో వాంతిమందు కలిపి యిచ్చెనను ముచ్చట ఆంగ్ల సారస్వత చరిత్ర చదివినవారెల్ల ఎరిగినదే. 1741లో కర్ల్ డీన్ స్విఫ్టు లేఖలను పేర ఒక సంపుటము వెలువరించెను. అందు పోప్ స్విఫ్టునకు వ్రాసినవియు, స్విఫ్టు పోప్‌నకు వ్రాసినవియు గలవు. పోప్ చాన్సరీ న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. ఉత్తరము పంపుట యనగా దానమిచ్చుట వంటిది, ఇచ్చిన వస్తువుపై దాతకు హక్కేమున్నది అని కర్ల్ పక్షమున వాదన. వాదన తీసిపారవేయదగినది కాదు. పండు ఇచ్చినవాడు, తిన్నవానిని నీవేల తింటివని అడుగలేడు గదా!

లార్డు చాన్సలరు హార్డ్‌విక్ చేసిన తీర్పు క్లుప్తమైనది. ఉత్తరమందుకొన్నవానికి దానిపై ఒకవిధమైన ప్రత్యేకాధికారము కలదు. కాగితము వానిదని యనవచ్చును. కాని దానిని లోకమున ప్రకటించు అధికారము వానికి రాలేదు. కాగితమొకరిది, మాట యొకరిది. అందుచేత పోప్ వ్రాసిన లేఖలపై నిషేధము నిలిచినది. పోప్‌నకు ఇతరులు వ్రాసిన లేఖలపై నిలువలేదు. వానియందలి మాట పోప్‌ది కాదు గనుక. న్యాయమూర్తి తన సూత్రమును తనకు తాను వర్తింపజేసికొన్న తీరు మిక్కిలి ముచ్చటైనది.

ఇందొక వింత గలదు. గోప్యతా ధర్మమునకు ఆదిపురుషుడైన యీ వాది గోప్యత కోరినవాడు కాడు. తన యుత్తరములు లోకమున ప్రకాశింపవలెనని పోప్‌నకు మనసున గాఢమైన కోరిక. కాని పెద్దమనిషి తన యుత్తరములను తానే అచ్చువేసికొనుట ఆనాడు మర్యాద కాదు. కావున 1735లో ఆయనయే ఉపాయము పన్ని, ఆ యుత్తరములు చాటుగా కర్ల్ చేతికి చిక్కునట్లు చేసి, కర్ల్ అచ్చువేసిన వెనుక దొంగముద్రణ జరిగెనని గగ్గోలు పెట్టి, సరియైన ప్రతి యిదిగో యని 1737లో తానొక కూర్పు వెలువరించెను. ధర్మసూత్రములు ధర్మరాజుల వలననే పుట్టవలెనను నియమము లేదు.

పోప్ వ్యాజ్యమున గెలిచినది ఆస్తి హక్కే గాని మనసునకు కలిగిన నొప్పి కాదు. ఆ రెండవ మెట్టునకు వంద సంవత్సరములు పట్టినది. విక్టోరియా రాణియు ఆమె భర్త ఆల్బర్టును వినోదార్థము తమ బిడ్డల యొక్కయు, పెంపుడు జంతువుల యొక్కయు బొమ్మలను రాగిరేకులపై చెక్కుచుండిరి. ఆ రేకులను విండ్సరులోని ఒక ముద్రాపకునకు పంపి, బంధుమిత్రులకై కొన్ని ప్రతులు తీయించిరి. ముద్రాపకుని పనివాడొకడు అదనముగా ప్రతులు తీసి దాచెను. అవి చేతులు మారి స్ట్రేంజి అను ప్రకాశకుని కడకు చేరినవి. ఆ బొమ్మలను ప్రదర్శింపవలెననియు, వానిని వర్ణించు ఒక పట్టికను అచ్చువేసి అమ్మవలెననియు ఆయన సంకల్పించెను. రాజదంపతుల యనుమతి లభింపలేదు; ఆల్బర్టు న్యాయస్థానమున కెక్కెను. 1849లో లార్డు చాన్సలరు కాటెన్‌హాం ప్రదర్శనమునే గాక పట్టికను సైతము నిషేధించెను.

పట్టికను నిషేధించుటయే ఇందలి విశేషము. పట్టికలో బొమ్మ ఏదియు లేదు. ఫలాన బొమ్మలు గలవను మాటలు మాత్రమే కలవు. ప్రతి తీయకున్నను, ఇంటిలోపలి సంగతిని బయటికి చెప్పుటయే తప్పని న్యాయస్థానము మొదటిసారి గట్టిగా పలికినది. నమ్మి అప్పగించిన రేకునుండి పుట్టిన జ్ఞానమును నమ్మకమునకు భంగముగా వాడరాదని ఆ తీర్పులోని మరియొక పాయ. ముద్రాపకుని కప్పగించిన రాగిరేకునకును, నేడు ఆసుపత్రికి మనమిచ్చు రక్తపరీక్ష కాగితమునకును భేదమేమి?

ఈ తీర్పును చదివి దానిలో దాగియున్న క్రొత్త హక్కును పైకి తీసినవారు అమెరికాలోని బోస్టను నగరపు న్యాయవాదులు శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్. 1890 డిసెంబరులో హార్వర్డు న్యాయపత్రికలో వారొక వ్యాసము ప్రకటించిరి. అప్పటికి క్షణములో చిత్రము పట్టు కెమెరాలు చేతికి వచ్చినవి. ఇరుగుపొరుగు కబుర్లతో పత్రికలు వర్ధిల్లుచున్నవి. వారి వాదము ఇట్లుండును: ఉత్తరమునకు సాహిత్యపు విలువ లేకపోయినను, అమ్మినచో కాసు రాకపోయినను న్యాయస్థానము దానిని కాపాడుచున్నది. అట్లయిన కాపాడబడుచున్నది ఆస్తి కాజాలదు. మనిషి తన మనసులోనిది ఎంతవరకు, ఎవరికి చెప్పవలెనో తానే నిర్ణయించుకొను స్వాతంత్ర్యమే కాపాడబడుచున్నది. తన జోలికి ఎవరును రాకుండ నుండుటకు మనిషికి హక్కు గలదు. కాపీరైటు కొమ్మనుండి గోప్యతాహక్కు అంటు కట్టబడినది ఇక్కడనే.

అంటు వెంటనే పట్టలేదు. న్యూయార్కు రాష్ట్రమున ఒక పిండిమిల్లు వారు ఒక యువతి చిత్రమును ఆమె యనుమతి లేకయే తమ ప్రకటనపై వేసికొని, 25,000 ప్రతులు అచ్చొత్తించి, అంగళ్లలోను సారాయి దుకాణములలోను అంటించిరి. ఆమె సిగ్గుతో మంచము పట్టెను. 1902లో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి, అట్టి హక్కు చట్టములో లేదని ఆమె వ్యాజ్యమును కొట్టివేసెను. పిండిసంచిపైనున్న తమ ట్రేడుమార్కును వేరొక మిల్లువారు దొంగిలించినచో దావా వేయుటకు ఆ మిల్లునకు హక్కు గలదు. సంచి గుర్తునకున్న రక్షణ ఆడుబిడ్డ ముఖమునకు లేకపోయినది! జనులు కోపించిరి, పత్రికలు దుమ్మెత్తిపోసినవి. మరుసటి సంవత్సరము, 1903లో, వాణిజ్యార్థము ఒకరి పేరునుగాని రూపునుగాని అనుమతిలేక వాడరాదని ఆ రాష్ట్ర శాసనసభ చట్టము చేసినది. నేడు చలనచిత్ర నటులు తమ పేరును, కంఠమును, రూపమును ఇతరులు వాడరాదని మన ఉన్నత న్యాయస్థానములనుండి తెచ్చుకొనుచున్న ఉత్తరువులకు ఈ పిండిసంచియే పితామహి.

బ్రాండైస్ తరువాత అమెరికా సుప్రీముకోర్టు న్యాయమూర్తి యయ్యెను. మద్యనిషేధ కాలమున సియాటిల్ నగరపు సారాయి వర్తకుని టెలిఫోను తీగలకు పోలీసులు వీధిలోనే వేరుతీగ తగిలించి సంభాషణలు వినిరి. ఇంటిలో అడుగుపెట్టలేదు గనుక తప్పులేదని 1928లో అయిదుగురు న్యాయమూర్తులనగా, నలుగురు కాదనిరి. ఆ నలుగురిలో బ్రాండైస్ ఒకరు. ఆయన మాట చెల్లుటకు 1967 వరకు ఆగవలసి వచ్చినది. గోప్యతా చరిత్రలో నేటి యసమ్మతి తీర్పు రేపటి శాసనమగుట తరచుగా కనబడును. మన దేశమునను అట్లే జరిగినది.

మనకు కాపీరైటు చట్టము 1847లోనే, ఈస్టిండియా కంపెనీ పాలనలో వచ్చినది. 1914లో రెండవది. 1957లో స్వతంత్ర భారతపు చట్టమేర్పడి 1958 జనవరి 21వ తేదినుండి అమలగుచున్నది. దాని ప్రకారము ఉత్తరము సాహిత్యకృతులలో నొకటి. హక్కు వ్రాసినవారిది, వారి యనంతరము వారసులది. రచయిత గతించిన పిదప 50 సంవత్సరములని మొదట నుండిన గడువు, రవీంద్రనాథ ఠాకూరు రచనల హక్కు ముగియవచ్చిన వేళ, 1992 సవరణచే 60 సంవత్సరములైనది. ఒక్క కవికై దేశపు శాసనము మారుట అరుదు. గురజాడ అప్పారావుగారి లేఖలును దినచర్యలును ఆయన పోయిన పిదప అచ్చయి తెలుగు సారస్వతమునకు ఎంత యుపకారము చేసినవో మనమెరుగుదుము. రహస్యమును శాశ్వతముగా కట్టిపెట్టుటయు మేలు కాదని ఇట్టి సంపుటములు చెప్పక చెప్పుచున్నవి.

వ్రాసినవాని హక్కు ఇట్లు చట్టమున కెక్కినది. మరి తపాలా బంట్రోతు చేతిలోనో, ప్రభుత్వపు అధికారి చేతిలోనో ఉన్న యుత్తరమును విప్పిచూడకుండ నుండుటకు పౌరునికి హక్కున్నదా? రాజ్యాంగము వ్రాయుచున్న 1947లో ఈ ప్రశ్న వచ్చినది. ఉత్తర ప్రత్యుత్తరముల గోప్యతను ప్రాథమికహక్కుగా చేయవలెనని కె. యం. మున్షీగారి చిత్తుప్రతిలో కలదు. నెల్లూరుజిల్లాలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరుగారు దానికి అభ్యంతరము చెప్పిరి: ఇట్లు చేసినచో ప్రతి సొంత యుత్తరమును ప్రభుత్వ రహస్యపత్రముతో సమానమై, న్యాయస్థానములలో సాక్ష్యముగా చూపుటకే వీలులేక పోవునని వారి భయము. సోమనాథ లాహిరీగారు రాజ్యాంగసభలో మరల ప్రయత్నించిరి, ఫలింపలేదు. రాజ్యాంగమున ఆ మాట చేరలేదు. అల్లాడివారి న్యాయపాండిత్యమును శంకించుటకు మేమెంతవారము? అయినను ఆ భయమునకు ఒక చిన్న మినహాయింపు వ్రాసియుంచిన చాలునేమో. హక్కునే విడుచుట వలన డెబ్బది సంవత్సరముల చిక్కు వచ్చినదని మాకు తోచుచున్నది.

1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తుల పీఠము, సోదాలకు సంబంధించిన ఎం. పి. శర్మ వ్యాజ్యమున, మన రాజ్యాంగమున గోప్యతాహక్కు లేదను భావమును ప్రకటించినది. అటుపై 1962లో ఖరక్ సింగ్ వ్యాజ్యము వచ్చినది. ఉత్తరప్రదేశమునకు చెందిన యీ మనిషిపై 1941లో దోపిడి నేరము మోపి, సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. అయినను పోలీసుల చిట్టాలో పేరు నిలిచినది. రాత్రివేళ కాపలావాండ్రును కానిస్టేబుళ్లును వచ్చి తలుపుతట్టి కేకలువేసి నిద్రలేపుదురు. కొన్ని వేళల ఠాణాకు రమ్మందురు. ఊరు విడిచి పోవునపుడు కాపలావానికి చెప్పిపోవలెను. దండన లేదు, విచారణ లేదు. నిద్ర మాత్రము లేదు. ఆరుగురు న్యాయమూర్తులు విని, రాత్రివేళ ఇంటికి వచ్చుటను మాత్రము చెల్లదనిరి. కదలికలను కనిపెట్టుచుండుట తప్పుకాదనియు, గోప్యత రాజ్యాంగము హామీయిచ్చిన హక్కు కాదనియు అధికసంఖ్యాకుల నిర్ణయము.

ఆ పీఠముపై కోకా సుబ్బారావుగారు ఉండిరి. రాజమహేంద్రవరమున 1902లో పుట్టి, 1954లో గుంటూరున ఆంధ్ర ఉన్నత న్యాయస్థానమునకు ప్రథమ ప్రధాన న్యాయమూర్తియై, పిదప సుప్రీముకోర్టునకు వెళ్లినవారు. జె. సి. షాగారితో కలిసి వారు వేరుతీర్పు వ్రాసిరి. రాజ్యాంగమున గోప్యత యను పేరు లేకపోయినను వ్యక్తిస్వేచ్ఛలో అది విడదీయరాని భాగమనియు, ఎల్లవేళల కనుచూపు వెన్నంటుచున్నపుడు కాళ్లకు సంకెల లేకపోయినను మనిషి స్వేచ్ఛగా నడచినట్లు కాదనియు వారి యాశయము. ఆ నిబంధన మొత్తము చెల్లదనిరి. ఆనాటికది ఇరువురి మాట.

ఆ మాట ఒక్కొక్క మెట్టుగా పైకి వచ్చిన విధమును చూచిన, వాగ్గేయకారుని కీర్తన శిష్యపరంపరలో నిలిచిన తీరు జ్ఞప్తికి వచ్చును. 1975లో గోవిందు వ్యాజ్యమున గోప్యతను హక్కుగా భావించి చర్చించిరి. 1994లో మరణశిక్ష పడియున్న ఆటో శంకర్ అను ఖైదీ వ్రాసిన ఆత్మకథను గూర్చి వివాదము వచ్చినది. అతడు దానిని భార్య చేతికిచ్చి, నక్కీరన్ అను తమిళ పత్రికకు పంపెను. కొందరు అధికారులకు తనతో గల స్నేహము అందు గలదట! చెరసాలల పెద్ద అధికారి, ప్రచురింపవలదని పత్రికకు లేఖ వ్రాసెను. ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా పనిచేసి సుప్రీముకోర్టునకు వెళ్లిన బి. పి. జీవన్‌రెడ్డిగారు తీర్పు వ్రాసిరి. ఒకరి సంసారము, వివాహము, సంతానము, చదువు మున్నగువానిని గూర్చి అనుమతిలేక ప్రకటింపరాదు. న్యాయస్థానపు పత్రముల వంటి బహిరంగపత్రములలో ఉన్నది ప్రకటింపవచ్చును. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరు మాత్రము కూడదు. ఉద్యోగధర్మమున చేసిన పనులను గూర్చి అధికారి గోప్యత కోరజాలడు. ప్రచురణమును ప్రభుత్వము ముందుగా ఆపజాలదు. గోప్యత పౌరునకు కవచము గాని అధికారికి ముసుగు కాదని ఈ తీర్పు గీచిన గీతను మేము మిక్కిలి గౌరవింతుము. పత్రికలవారును రేడియోవారును కంఠస్థము చేయదగినది.

టెలిఫోను సంభాషణలను చాటుగా వినుటను గూర్చి 1996లో వచ్చిన తీర్పు, ఉన్నతాధికారి వ్రాతపూర్వకమైన యాజ్ఞ యుండవలెననియు, ఆ యాజ్ఞను ఒక సంఘము తిరిగి పరిశీలింపవలెననియు నియమములు పెట్టినది. దానిని దాటి, తెలుగునాట పుట్టిన మరియొక వ్యాజ్యముకడ కొంత ఆగుదము. పెద్దగా వార్తలకెక్కనిదైనను మా కథకు ఇదియే గుండెకాయ.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో స్టాంపు చట్టపు 73వ సెక్షనును సవరించినది. స్టాంపు సుంకము ఎగవేసినవారిని పట్టుకొనుటకై, కలెక్టరు వ్రాసియిచ్చిన అధికారపత్రముతో ఎవరైనను ఏ కార్యాలయమునకైనను వెళ్లి దస్తావేజులు చూడవచ్చును, ప్రతులు వ్రాసికొనవచ్చును, అవసరమైనచో పట్టుకొనిపోవచ్చును. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారువారు ఈ యధికారముతో బ్యాంకు దస్త్రములను చూడబోవగా కెనరా బ్యాంకువారు ఎదురు తిరిగిరి. ఉన్నత న్యాయస్థానము బ్యాంకు పక్షము వహించినది. ప్రభుత్వము సుప్రీముకోర్టున అప్పీలు చేసినది. అక్కడి వాదన మనకు పరిచితమైనదే: ఖాతాదారు తన కాగితములను తానే తెచ్చి బ్యాంకు చేతిలో పెట్టెను, ఇక వానికి గోప్యత యెక్కడిది? కర్ల్ వర్తకుని వాదనయే రెండువందల యరువది సంవత్సరముల తరువాత స్టాంపు కాగితముపై మరల వచ్చినది! అమెరికా సుప్రీముకోర్టు 1976లో మిల్లరు వ్యాజ్యమున ఈ వాదనను అంగీకరించియే యుండెను. మన సుప్రీముకోర్టు 2004లో దానిని అనుసరింపలేదు. గోప్యత మనుష్యులది గాని చోటులది కాదు. కాగితము ఇల్లు దాటి బ్యాంకునకు చేరినంత మాత్రమున ఖాతాదారుని రహస్యము చెడలేదు. సరియైన కారణము చూపని యిట్టి యధికారము చెల్లదు అని నిర్ణయించి, హైకోర్టు తీర్పును నిలబెట్టినది.

పిదప ఆధార్ వచ్చినది. 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని ఒక గ్రామమున ప్రారంభమైన యీ పథకముచే కోట్లాది ప్రజల వ్రేలిముద్రలును కంటిపాపల చిత్రములును ఒకచోట చేరినవి. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు 2012లో వ్యాజ్యము వేసిరి. గోప్యత ప్రాథమికహక్కే కాదు పొమ్మని కేంద్రప్రభుత్వము 1954, 1962 నాటి పాత తీర్పులను చూపినది. కృష్ణాజిల్లావారైన జాస్తి చలమేశ్వర్‌గారి అధ్యక్షతన ముగ్గురు న్యాయమూర్తులు 2015లో ఈ ప్రశ్నను పెద్ద పీఠమునకు నివేదించిరి. 2017 ఆగస్టు 24వ తేదిన తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠముగా గోప్యత ప్రాథమికహక్కే యని తేల్చిరి. పాత తీర్పులలో దానిని కాదన్న భాగములు త్రోసివేయబడినవి. సుబ్బారావుగారి అసమ్మతి 55 సంవత్సరములకు దేశపు ధర్మమైనది. చూచుటకు వారు లేరు. ఆధార్ చట్టముపై 2018లో వేరుగా తీర్పు వచ్చినది: ప్రభుత్వ సహాయములకు, ఆదాయపు పన్నునకు ఆధార్ చెల్లును, బ్యాంకు ఖాతాకును మొబైలు ఫోనునకును జతచేయుమని నిర్బంధింపరాదు.

ఉత్తరమును గూర్చిన మొదటి సూత్రము ముసలిదై మూలబడినదని తలంపవలదు. ఇంగ్లండు రాజకుటుంబపు కోడలు, ససెక్సు డచెస్సు, తన తండ్రికి వ్రాసిన యుత్తరములోని భాగములను ఒక ఆదివారపు పత్రిక 2019లో ప్రచురించినది. కాగితమును పత్రిక చేతికి అందనిచ్చినది తండ్రియే. 2021లో న్యాయస్థానము ఆ పత్రిక ఆమె గోప్యతను భంగపరచినదనియు, ఆమె కాపీరైటును హరించినదనియు, రెండును నిర్ణయించినది. అన్నదమ్ములు చాలకాలమునకు ఒకే పంక్తిలో భోజనమునకు కూర్చుండినట్లున్నది.

ఇక మన శాసనము. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము 2023 ఆగస్టులో వచ్చినది. మన సంగతులను సేకరించు సంస్థకు ఈ చట్టము డేటా ఫిడూషియరీ యని పేరుపెట్టినది. అనగా నమ్మకముతో అప్పగింపబడినవాడు. పరదేశపు మాట యని జంకనక్కరలేదు. మనుస్మృతి చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో రెండవది నిక్షేపము, అనగా ఇల్లడ సొమ్ము. ముద్రవేసి, లోపలనేమున్నదో చెప్పక దాచుమని యిచ్చినదానిని ఉపనిధి యనిరి. దానిని ముద్ర చెడకుండ అట్లే తిరిగి యీయవలెను. పదుమూడవ శతాబ్దిననే కేతన విజ్ఞానేశ్వరీయమున ధర్మశాస్త్రమును తెలుగుపద్యములలోనికి తెచ్చెను గనుక, ఈ భావము మన భాషకు క్రొత్త కాదు. ఇల్లడ పెట్టినది ఏ పనికో ఆ పనికే వాడవలెను, పని తీరిన పిదప చెరిపివేయవలెను, సమ్మతి నిచ్చినవారు దానిని మరల తీసికొనవచ్చును అని క్రొత్త చట్టపు సారము. భద్రతా చర్యలలో లోపము చేసిన సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా.

చట్టమంతయు మెచ్చదగినదని మేమనము. దేశభద్రత, శాంతిపరిరక్షణ మున్నగు కారణములచే ప్రభుత్వము తన సంస్థలకు దీనినుండి మినహాయింపు ఇచ్చుకొనవచ్చును. ఖరక్ సింగ్ తలుపు తట్టినవాడు ఏ సంస్థవాడో మరువరాదు. అంతకంటె మాకు కొరుకుడుపడనిది వేరొకటి. ఈ చట్టమే 2005 నాటి సమాచారహక్కు చట్టమున ఒక నిబంధనను మార్చినది. వ్యక్తిగత సమాచారమైనను ప్రజాప్రయోజనమున్నచో ఇయ్యవలెనని ఆ నిబంధనలోనే యున్న మాట తొలగింపబడినది. ప్రజాప్రయోజనమును చూపి అడుగుటకు ఆ చట్టమున వేరొక ఉపవాక్యము మిగిలియే యున్నదని ప్రభుత్వము వారందురు. జీవన్‌రెడ్డిగారు గీచిన గీత ఎటు జరుగునో రాబోవు వ్యాజ్యములలో చూడవలెను.

తపాలా సంగతియు మారినది. 1898 నాటి తపాలా చట్టమునకు బదులు 2023లో చేసిన క్రొత్త చట్టము 2024 జూన్ 18 నుండి అమలగుచున్నది. భద్రత మొదలగు కారణములు చూపి, అధికారముగల ఉద్యోగి ఉత్తరమును ఆపి విప్పుటకు అందును వీలుకలదు. డేటా చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. విచారణ జరుపు బోర్డునకును, సమాచారహక్కు సవరణకును సంబంధించిన భాగములు అప్పుడే అమలునకు వచ్చినవి. మన సమ్మతి, మన సంగతులను చెరిపించుకొను హక్కు, జరిమానా తెచ్చు బాధ్యతలు మున్నగు ముఖ్యభాగములకు పదునెనిమిది మాసముల గడువు పెట్టబడినది. ఆ గడువు తీరువరకు, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టమున 2008లో చేర్చిన 43ఎ సెక్షనే సామాన్యునకు ఆధారము. దాని క్రింద నష్టపరిహారము కోరువారు సంస్థ అజాగ్రత్తను, దానివలన తమకు కలిగిన నష్టమును తామే రుజువుచేయవలెను.